చలికాలమంతా నిలబడిన కారు

కరోనా గొడవలు సద్దుమణిగిన తరవాతి ఏడాది, ఫిబ్రవరిలో నన్ను తిరువూరు లైనుకు వేశారు. అప్పటికి నేను విజయవాడలో ఒక కార్ల డీలరు వర్క్‌షాపులో ఫీల్డ్ సర్వీస్ ఇంజనీరుని. పేరు పెద్దగా వినిపిస్తుంది కాని పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వర్క్‌షాపు దాకా రాలేని బండి దగ్గరికి మేము వెళ్ళాలి. అక్కడ అందరికంటే కింద టెక్నీషియన్లు, వాళ్ళ మీద ఫ్లోర్ సూపర్‌వైజరు, కస్టమరుతో మాట్లాడి జాబ్ కార్డు రాసే సర్వీస్ అడ్వైజర్లు, అందరి పైన సర్వీస్ మేనేజరు. ఫీల్డ్ ఇంజనీరు ఈ వరసలో ఎక్కడా కుదురుగా ఇమడడు. బయట ఉన్నంతసేపూ అతనే టెక్నీషియను, అతనే అడ్వైజరు. వర్క్‌షాపుకు తిరిగొచ్చాక మాత్రం ఎవరి మాటైనా వినాల్సినవాడే.

మైలవరం దాటిన దగ్గర్నుంచి ఎ.కొండూరు, తిరువూరు, అటు గంపలగూడెం, నెమలి వైపు పల్లెలు నా లైను. నేను పుట్టి పెరిగింది తిరువూరులోనే. మా నాన్న ఆ రోడ్డు మీద అద్దె జీపు నడిపాడు. ఆ వైపు సందులూ మనుషులూ తెలిసినవాడు కదా అని మస్తానుకే, అంటే నాకే, ఇవ్వమన్నారట పైవాళ్ళు. నేను కూడా సంతోషించాను. రిటైర్‌మెంటుకు ఎంతో దూరం లేదు, సొంత ఊరి రోడ్డు మీద తిరుగుతూ ముగిద్దామనుకున్నాను.

వేసిన వారంలోనే, మా షోరూములో కొన్న కారు గురించి సుగుణ అనే టీచరు గారు ఫోను చేశారు. బడి నుంచి చేస్తున్నట్టున్నారు, వెనక పిల్లల గోల వినబడుతోంది. తన కారు చలికాలమంతా కదలలేదని, ఇప్పుడు స్టార్ట్ అవడం లేదని చెప్పారు. ఇంట్లోవాళ్ళు ఒక మెకానిక్కును తెచ్చి చూపించారట. ఇంజను కంప్యూటరు పోయింది, బాగు చేయించడం దండగ అని తేల్చారట. తరవాత ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

“పోతే పోయిందండి. కాని పోయిందని చెప్పేది మీరై ఉండాలి. చూసి చెప్పండి.”

సాయంత్రం బడి వదిలాక వస్తానన్నాను. బయల్దేరబోతుంటే మా సర్వీస్ మేనేజరు కేబినులోకి పిలిచాడు. ఆ ఇంటి పెద్దాయన అప్పుడే ఆయనకు ఫోను చేశారట. ఆయన పేరు కోటేశ్వరరావు గారు. టీచరు గారికి బావగారు, అంటే పోయిన భర్తకు అన్న. మామిడి తోటలున్న మనిషి. ఆ కుటుంబంలోని కార్లన్నీ మా షోరూములో కొన్నవే, మా దగ్గరే సర్వీసు అవుతాయి. బండిని ఎవరో అడుగుతున్నారట, అమ్మేసే ఆలోచనలో ఉన్నారట. ఎక్కువ సేపు పెట్టకుండా చూసి వచ్చేయమన్నాడు మేనేజరు. చూసి రావడానికే కదా సార్ వెళ్ళేది అన్నాను. ఆయన నవ్వలేదు.

టీచరు గారి ఇల్లు తిరువూరులో మెయిన్ రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న కాలనీలో. చిన్న డాబా, ముందు సిమెంటు చేసిన జాగా, ప్రహరీ పక్కన మామిడిచెట్టు, దాని కింద కారు. చెట్టు నిండా పూత. పూత మీద తేనెమంచు పురుగు పట్టినట్టుంది, కారు మీద కప్పిన గుడ్డ జిగురు కారి నల్లగా అట్టకట్టుకుపోయింది. వరండాలో కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తెల్లటి లుంగీ, ఇస్త్రీ చొక్కా, మెడలో కండువా. నేను చెప్పకముందే నా పేరు పెట్టి పలకరించారు. మా నాన్న జీపు కూడా గుర్తుందన్నారు. మంచినీళ్ళు తెప్పించారు. ఆయనే కోటేశ్వరరావు గారు.

టీచరు గారు లోపలి నుంచి వచ్చాక అసలు సంగతి నాకు సగం అర్థమైంది. ఆవిడకు యాభై ఉంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. మోకాలి దాకా ఇనప పట్టీలున్న బూటు వేసుకుని, చేతికర్ర ఆనించుకుని నడుస్తారు. ఎ.కొండూరు మండలంలో రోడ్డుకు లోపలగా ఉన్న ఒక ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు. బస్సెక్కాలంటే ఆ మెట్లు ఎక్కలేరు. ఎక్కినా అడ్డరోడ్డు దగ్గర దిగి షేర్ ఆటోలో మనుషుల మధ్య ఒదిగి వెళ్ళాలి. ఆవిడ భర్త మోహనరావు గారు సర్వే ఆఫీసులో ఉద్యోగి. భార్య కోసమే ఆ కారు కొన్నారు. గేర్లు దానంతట అదే మార్చుకునే రకం అది. క్లచ్చి ఉండదు కాబట్టి ఎడమ కాలితో పని లేదు. కొన్న ఏడాదే నెమలి రోడ్డులో ఖాళీ జాగాలో భార్యకు తనే నేర్పించారు. లైసెన్సు కూడా తీయించారు. కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయారు. పిల్లలు లేరు. ఆ రోజు నుంచి కారు చెట్టు కిందే ఉంది.

నిలబడిపోయిన బండి విషయంలో మా పద్ధతి ఒకటుంది. బోనెట్ ఎత్తకముందు మాట్లాడాలి. చివరిసారి ఎప్పుడు నడిచింది, అప్పుడేమన్నా చప్పుడు వచ్చిందా, మధ్యలో ఎవరైనా తిప్పారా, తాళం ఎవరి దగ్గర ఉంది. ఇవి అడిగి జాబ్ కార్డులో రాసుకోవాలి. చివరిసారి బండి బాగానే నడిచిందన్నారు టీచరు గారు. మిగతా ప్రశ్నలకు కోటేశ్వరరావు గారు జవాబు చెప్పారు. రెండు తాళాలూ తన దగ్గరే ఉంచానన్నారు, ఇంట్లో మగదిక్కు లేదు కదా అని. ప్రతి ఆదివారం వచ్చి కాసేపు స్టార్ట్ చేసి ఉంచేవాణ్ణన్నారు. ఉన్నట్టుండి ఒక ఆదివారం స్టార్ట్ అవలేదన్నారు.

“ఎలుకలండి మస్తాన్ గారూ. తోట పక్కన ఇల్లు. వైర్లు కొరికి కంప్యూటరు కాల్చేసి ఉంటాయి. మా మెకానిక్కు కూడా అదే అన్నాడు,” అన్నారు. టీచరు గారు గోడకు చేతికర్ర ఆనించి, వరండా గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

ఆయన దగ్గర ఒక తాళం తీసుకుని, కారు మీద గుడ్డ తీశాను. మంచు దేశాల్లో చలి బండిని చంపుతుందంటారు. మన వైపు చలికాలం చేసే నష్టం తక్కువ. నష్టం చేసేది కదలకుండా నిలబెట్టడం. తాళం వేసి వదిలేసినా బండిలో గడియారం, అలారం లాంటివి కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. రెండు మూడు నెలల్లో బ్యాటరీ ఎండిపోతుంది. గాలి తగ్గి టైర్లు కిందవైపు చదునవుతాయి. రాత్రి మంచుకు బ్రేకు డిస్కులు తుప్పుపట్టి పట్టేస్తాయి. ఇక్కడ ఈ మూడూ ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయడంతో వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో లైటు వెలిగే పాటి సత్తువ కూడా లేదు. వారం వారం స్టార్ట్ చేసిన బండి లక్షణాలు కావివి. నేను అది పైకి అనలేదు. ఇంకా చూడాల్సింది చాలా ఉంది, పైగా ఆదివారాలు తప్పిపోవడం నేరమేమీ కాదు.

ఎలుకల సంగతి చూశాను. ఎలుక తిరిగిన బండిలో ఆనవాళ్ళు దాగవు. పెంటికలుంటాయి, పీకిన దూది ఉంటుంది, మూత్రం వాసన ఉంటుంది, వైర్ల మీద పళ్ళ గాట్లుంటాయి. టార్చి వేసి ఇంజను చుట్టూ, డ్యాష్‌బోర్డు కింద, సీట్ల కింద వెతికాను. ఏమీ లేదు. బోనెట్ కింద ఎండిపోయిన మామిడాకులు కొన్ని, అంతే.

వ్యానులోంచి మంచి బ్యాటరీ దింపి కేబుళ్ళు కలిపాను. ఇలాంటి బండిని నెట్టి స్టార్ట్ చేయడం కుదరదు, అందుకని ఫీల్డ్ వ్యానులో అదనపు బ్యాటరీ తప్పనిసరి. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు వెలిగింది. ఇంజను బలంగా తిరిగింది. తిరిగింది కాని అంటుకోలేదు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అంతే. ఇక్కడే మా పనిలో రెండు దారులు చీలతాయి. ఇంజను తిరగకపోతే కరెంటు దారిలో వెతకాలి. తిరిగీ అంటుకోకపోతే నిప్పురవ్వ రావడం లేదా, పెట్రోలు రావడం లేదా అని చూడాలి.

ముందు స్కానరు తగిలించాను. అది ఇంజను కంప్యూటరుతో మాట్లాడే పరికరం. కంప్యూటరు పోయి ఉంటే స్కానరుకు జవాబే రాదు. ఇక్కడ వెంటనే పలికింది. తాళాన్ని గుర్తుపట్టింది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించింది, చివరిసారి నడిచినప్పటి వివరాలు కూడా ఇచ్చింది. కంప్యూటరు బాగానే ఉందని టీచరు గారికి చెప్పాను. ఆవిడ కర్ర తీసుకుని లేచి బండి దగ్గరికి వచ్చారు.

“అంత ఖాయంగా ఎలా చెప్తారు? మా మెకానిక్కు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడు,” అన్నారు కోటేశ్వరరావు గారు, కుర్చీలోంచే. స్కానరు తెర ఆయన వైపు తిప్పాను. ఆయన చూడలేదు.

తరవాత పెట్రోలు. తాళం మొదటి మెట్టు తిప్పగానే వెనక సీటు కింద ఉండే పంపు సన్నగా మూలిగి ఆగాలి. ట్యాంకులోంచి ఇంజనుకు పెట్రోలు తోసేది అదే. సీటు మీద చెవి ఆనించి విన్నాను. టీచరు గారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమని మళ్ళీ విన్నాను. చప్పుడు లేదు. పంపు కాలిపోయిందా, దానికి కరెంటు అందడం లేదా? పంపు విప్పడం పెద్ద పని. దానికంటే ముందు ఫ్యూజు చూడాలి. ఇంజను పక్కన నల్లటి పెట్టెలో వరసగా ఉంటాయవి. ఏది దేనిదో మూత లోపలి వైపు బొమ్మ వేసి ఉంటుంది. మూతకు రెండు వైపులా క్లిప్పులు గట్టిగా వేసి ఉన్నాయి. వాటిని తప్పించి మూత ఎత్తాను.

పంపు ఫ్యూజు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఫ్యూజు కాలిపోవడం వేరు. కాలిన ఫ్యూజు దాని గడిలోనే ఉంటుంది, లోపలి తీగ తెగి కనబడుతుంది. ఇక్కడ ఫ్యూజే లేదు. అవసరానికి పనికొస్తుందని కంపెనీవాళ్ళు అదే పెట్టెలో ఒక మూలన పెట్టే అదనపు ఫ్యూజు కూడా లేదు. పంపుది ఒక్కటే అయితే ఏ మెకానిక్కో చూడటానికి తీసి పెట్టడం మరిచాడనుకోవచ్చు. అదనపుది కూడా తీసినవాడికి ఏం తీస్తున్నాడో తెలుసు. ఎలుకలకైతే మూత పెట్టి క్లిప్పులు వేయడం రాదు.

మా కంపెనీ పద్ధతి ప్రకారం కనిపెట్టిన లోపాన్ని కస్టమరుకు కళ్ళారా చూపించాలి. నేను టీచరు గారిని పిలిచి మూత మీద బొమ్మనూ ఖాళీ గడినీ చూపించాను. లెక్కల టీచరు కదా, నేను చెప్పేలోపే రెండూ పోల్చి చూసుకున్నారు.

“ఊడి పడిపోయే వస్తువా అండీ అది?” అని అడిగారు.

“కాదండి. పట్టుకుని లాగితేనే వస్తుంది.”

“బోనెట్ బయట నుంచి తెరుచుకోదు కదా?”

“తెరుచుకోదండి. లోపల డ్రైవరు సీటు పక్కన లీవరు లాగాలి. అంటే ముందు డోరు తాళం తీయాలి.”

ఆవిడ ఖాళీ గడి వైపే చూస్తూ నిలబడ్డారు. నేను వ్యానులోకి వెళ్ళి ఫ్యూజు తెచ్చి గడిలో నొక్కాను. ఈసారి తాళం తిప్పగానే పంపు మూలిగింది. రెండోసారి తిప్పగానే ఇంజను అంటుకుంది. ఆ చప్పుడుకు కోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి వచ్చారు. కోపం లేదు, కంగారు లేదు. ముప్పై ఏళ్ళకు పైగా బళ్ళతో పాటు వాటి సొంతదారులను కూడా చూశాను. తప్పు బయటపడ్డవాడు గొంతు పెంచుతాడని నా అనుభవం. ఆయన పెంచలేదు.

“నేనే తీశానమ్మా,” అన్నారు. “నీ మంచికే తీశాను. కాలు అలాంటిది. తమ్ముడు పక్కన ఉన్నప్పుడు వేరు. రేపు రోడ్డు మీద ఏమన్నా అయితే ఊరంతా నన్ను అంటుంది, ఒంటరిదాన్ని గాలికొదిలేశాడని.”

“ఆ మాట నాతో చెప్తే సరిపోయేది కదా బావగారూ.”

“చెప్తే వినవు కదమ్మా.”

“మరి కంప్యూటరు పోయిందని ఎందుకు చెప్పించారు?”

ఆయన కండువా సర్దుకుని చెట్టు పూత వైపు చూశారు. బండి ప్రమాదమని ఫ్యూజు తీసినవాడు అది తన దగ్గర పెట్టుకుని ఊరుకుంటాడు. బండి చెడిపోయిందని చెప్పించినవాడికి అది తక్కువలో కావాలి. ఇది నేను అప్పుడు అనుకున్నది కాదు. అప్పుడు నా బుద్ధి ఇంజను చప్పుడు మీదే ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు మైలవరం దగ్గర తట్టింది.

వెనక చక్రాల బ్రేకులు విడిపించి, టైర్లకు గాలి పట్టి, కొత్త బ్యాటరీ వేశాను. అంతసేపూ ఆయన మామిడిచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి నాతో మామూలుగానే మాట్లాడారు. పూత బాగుందని, మంచు ఎక్కువైతే రాలిపోతుందని చెప్పారు. పని అయ్యాక రోడ్డు మీద నడిపి చూడాలి, అది కూడా పద్ధతే. నేను ఎక్కబోతుంటే టీచరు గారు తాను నడుపుతానన్నారు. కర్ర వెనక సీట్లో పడేసి, రెండు చేతులతో ఎడమ కాలు ఎత్తి లోపల పెట్టుకుని కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. మూడు నెలలు ముట్టనిదానిలా లేదు ఆవిడ చెయ్యి. గేటు దాటించి, మెయిన్ రోడ్డు ఎక్కి, బస్టాండు దగ్గర రద్దీలో ఆటోల మధ్య నుంచి తీసుకెళ్ళి, ఊరు దాటాక నెమ్మదిగా వేగం పెంచారు. తిరిగొచ్చేటప్పటికి కోటేశ్వరరావు గారు వెళ్ళిపోయారు. రెండు తాళాల్లో మేము బండి నడిపినది ఒక్కటే ఆవిడ చేతిలో ఉంది. రెండోది ఆయన ఇచ్చి వెళ్ళలేదు. దాన్ని బండి కంప్యూటరులోంచి చెరిపేస్తే దానితో బండి ఇక స్టార్ట్ అవదు, కొత్తది చేయించుకోవచ్చు అని చెప్పాను. చెరిపేయండి అన్నారు. చెరిపేశాను.

జాబ్ కార్డులో కారణం అనే గడి ఒకటి ఉంటుంది. అందులో పెట్రోలు పంపు ఫ్యూజు తీసివేయబడింది అని రాసి, ఒక కాపీ టీచరు గారికి ఇచ్చాను. మర్నాడు మేనేజరు పిలిచాడు. అప్పటికే కోటేశ్వరరావు గారి ఫోను వచ్చేసింది. తీసివేయబడింది అన్న మాట కొట్టేసి లేదు అని రాయమన్నాడు. ఫ్యూజు లేదు అంటే సరిపోతుంది కదా, లోపం చెప్పడం వరకే మన పని, కుటుంబాల్లో వేలు పెట్టడం మన పనా అని అడిగాడు. పంపు కాలింది అని రాసేటప్పుడు ఎలా కాలిందో రాయమని మీరే నేర్పారు సార్ అన్నాను. కాపీ ఆవిడకు ఇచ్చేశాను కాబట్టి ఇక్కడ కొట్టేస్తే రెండూ కలవవని కూడా చెప్పాను. ఆయన కార్డు ఫైల్లో పెట్టేశాడు. నెల తిరక్కుండా నన్ను లైను నుంచి తప్పించి వర్క్‌షాపులో విడిభాగాల కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. కారణం అడిగితే వయసు అన్నారు. ఎండల్లో తిరగలేరు కదా మస్తాన్ గారూ అన్నారు. ఆ మాటలో కోటేశ్వరరావు గారి గొంతు వినబడింది నాకు. నా మంచికే కదా అదీ.

టీచరు గారు ఆ వేసవి సెలవుల దాకా కారులోనే బడికి వెళ్ళివచ్చారు. తిరువూరులో మా వాళ్ళు ఉచిత తనిఖీ శిబిరం పెట్టినప్పుడు నన్ను సాయానికి పంపితే అక్కడ కనబడ్డారు. బండి బాగుందన్నారు. దారిలో ఇద్దరు ఆడపిల్లల్ని కూడా ఎక్కించుకుని బడికి తీసుకెళ్తున్నానన్నారు. అప్పుడు నవ్వారు. ఆవిడ నవ్వగా నేను చూడటం అదొక్కసారే. మాటల్లో ఇన్సూరెన్సు గడువు దగ్గరకొచ్చిందని, ఆర్‌సీ ఇంకా మోహనరావు గారి పేరు మీదే ఉందని చెప్పారు. నేను కంగారుపడ్డాను. చనిపోయినవారి పేరు మీద బండి నడపడం ఎక్కువకాలం కుదరదు. పేరు మార్పించుకోవాలి. దానికి వారసుల ధ్రువపత్రం ఉండాలి, మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పిల్లలు లేని మనిషికి భార్యతో పాటు తల్లి కూడా వారసురాలే. మోహనరావు గారి తల్లి పెద్దకొడుకు దగ్గర ఉంటుంది.

ఆ తరవాత జరిగింది నేను చూసింది కాదు. ఒకసారి ఫోనులో ఆవిడే చెప్పారు. సంతకం కోసం వెళ్తే అత్తగారు మంచం మీద అటు తిరిగి పడుకున్నారట. మాటలన్నీ బావగారే మాట్లాడారట. కారు ఒక్కటే కాదు, డాబా కూడా తమ్ముడి పేరు మీదే ఉందని, దానిలో కూడా అమ్మకు వాటా ఉందని గుర్తు చేశారట. అమ్మ దేనికైనా ఒకదానికే సంతకం పెడుతుంది, ఆలోచించుకో అన్నారట. జాబ్ కార్డు కాపీ మీ దగ్గర ఉంది కదా, వకీలుని కలవండి అన్నాను నేను.

“కలిశానండి. గెలుస్తారు అన్నారు. ఎన్నాళ్ళకి అంటే చెప్పలేకపోయారు,” అన్నారు. “బండి లేకపోతే బడికి ఎలాగోలా పోతాను. ఇల్లు లేకపోతే ఎక్కడికి పోతాను?”

ఇల్లు నిలబెట్టుకుని కారు ఇచ్చేశారు. బండి కోటేశ్వరరావు గారి అల్లుడి పేరు మీదకు మారింది. ముందు నుంచీ బండిని అడుగుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది నాకు.

ఆ ఏడాది చివర కారు మా వర్క్‌షాపుకే సర్వీసుకు వచ్చింది. కౌంటరు దగ్గర నుంచి చూసి గుర్తుపట్టాను. అల్లుడు మర్యాదస్తుడైన కుర్రాడు, అతనికి ఇదంతా ఎంతవరకు తెలుసో నాకు తెలియదు. ఆయిల్ మార్చమన్నాడు, ఏసీ చూడమన్నాడు. డ్రైవరు సీటు ముందు ఎడమవైపు నేలకు ఒక చెక్క బిగించి ఉందని, కాలికి అడ్డమొస్తోందని, తీసేయమన్నాడు. ఆ రోజు ఎలుకల కోసం వెతుకుతూ నేను దాన్ని పట్టించుకోలేదు, ఏంటో చూద్దామని లేచి వెళ్ళాను. టేకు చెక్క, ఏటవాలుగా కోసి, పైన మెత్తటి రబ్బరు అతికించి, బూటు మడమ ఆనడానికి చిన్న గాడి పెట్టి ఉంది. బజారులో దొరికేది కాదు. ఆవిడ కాలు కొలత తీసుకుని మోహనరావు గారు చేయించి ఉంటారు. మరలు తుప్పుపట్టి రాకపోతే టెక్నీషియను ఉలి పెట్టి కొట్టి తీశాడు. చెక్క రెండుగా చీలింది. తీసిన భాగం కస్టమరుకు తిరిగివ్వాలన్నది మా నియమం. వద్దు, పారేయండి అన్నాడు అల్లుడు. తుక్కులో వేశారు. నేను కౌంటరు దగ్గరికి తిరిగొచ్చి, ఆయిల్ ఫిల్టరు ఇచ్చి సంతకం తీసుకున్నాను.

సుగుణ టీచరు గారు ఇప్పటికీ ఆ బడిలోనే ఉన్నారు. పొద్దున నెలవారీ మాట్లాడుకున్న ఆటోలో వెళ్తారు. అతను రాని రోజుల్లో సెలవు పెడతారు. నేను రిటైరై తిరువూరు వచ్చేశాక బస్టాండు దగ్గర రెండుసార్లు కనబడ్డారు. ఒకరి క్షేమం ఒకరం అడిగాం, కారు మాట ఎత్తుకోలేదు. కోటేశ్వరరావు గారు కూడా కనబడుతుంటారు. ఇప్పటికీ పేరు పెట్టి పలకరిస్తారు, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. ఊళ్ళో ఆయన గురించి చెడ్డగా చెప్పేవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. ఒంటరి మరదలికి ఇల్లు దక్కేలా చూసిన పెద్దమనిషి అని చెప్పుకుంటారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ఇంత వరకు చెప్తాను. నిలబడిపోయిన బండి దగ్గరికి వెళ్ళినప్పుడు లోపం ఎక్కడుందో వెతకడానికి ఒక వరస ఉంది, ఆ వరస తప్పకుండా వెతికితే దొరుకుతుంది. దొరికింది సొంతదారుకు చూపించండి, కార్డులో ఉన్నదున్నట్టు రాయండి, ఎవరు చెప్పినా ఒక్క మాట కూడా మార్చకండి. దాని వల్ల ఆ మనిషికి మేలు జరుగుతుందని మాత్రం లెక్క వేసుకోకండి. ఇంజను స్టార్ట్ చేయడం దగ్గర మన పని అయిపోతుంది. ఆ బండి ఎవరు నడపాలో తేల్చేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళు బోనెట్ ఎత్తి చూడరు.